ఎరీనాకి అందరూ సరేనన్నారు

హలో, వినపడుతోందా అండీ? వినపడితే సరే. ఎలా ఉన్నారందరూ, భోజనాలయ్యాయా? నేను గౌరీశంకర్‌ని, మిషిగన్ నుంచి. మన గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపేది నేనే. ఈ పూట బొమ్మలు లేవు, ఒక కథ ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేను చెబుతుంటే వింటున్నట్టే అనుకుని చదవండి. పొయ్యి మీద పాలుంటే ముందు కట్టేసి రండి.

ఇది రెండు వేల పదో సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలై, మరుసటి ఏడు జూన్‌లో అయిపోయిన సంగతి. అప్పుడు మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను, మా ఆవిడ ప్రమోద, హైస్కూల్లో చదివే మా అమ్మాయి విద్య. మా ఇంటికి కాస్త దూరంలో, హైవే పక్కన, కౌంటీ వాళ్ళ ఎరీనా ఒకటి ఉండేది. మూత పెట్టిన పెద్ద రేకు డబ్బాలా ఉండేదని మన తెలుగువాళ్ళందరూ దాన్ని డబ్బా అనేవాళ్ళు. "సాయంత్రం డబ్బా దగ్గర కలుద్దాం" అంటే అందరికీ తెలిసేది.

ఆ డబ్బాలోనే అన్నీ. ఒకరోజు ఐస్ హాకీ, మర్నాడు బాస్కెట్‌బాల్, ఆ వెనకే సర్కస్. ఇంకో వారం లారీలకొద్దీ మట్టి పోయించి, మనిషెత్తు చక్రాల ట్రక్కులతో పందేలు. చుట్టుపక్కల ఊళ్ళ హైస్కూలు పిల్లలు గ్రాడ్యుయేషన్ టోపీలు ఎగరేసేది అక్కడే. కొత్త సిటిజన్లు చెయ్యెత్తి ప్రమాణం చేసేదీ అక్కడే. మన అసోసియేషన్ వాళ్ళ దీపావళి కూడా ఆ పక్క హాల్లోనే.

నా పని ఒకదాన్ని ఇంకోటిగా మార్చడం. హాకీ అయిపోయి జనం లేవగానే మా క్రూ దిగేది. ఐసు కరిగించం. దాని మీద మందపాటి పలకలు పరిచి, ఆ పైన చెక్క ఫ్లోరు ముక్కలు ఒకదానికొకటి బిగించి, కుర్చీలు లాగి, బాస్కెట్‌బాల్ బుట్టలు నిలబెట్టి వెళ్ళిపోతాం. టెన్త్ తప్పి, అక్కా బావా స్పాన్సర్ చేస్తే వచ్చిన నాలాంటివాడికి ఇన్సూరెన్సుతో సహా దొరికిన ఉద్యోగం ఈ దేశంలో అదొక్కటే. ప్రమోద కూడా అక్కడే ప్రెట్జెల్స్ అని ఉప్పు రొట్టెలు అమ్మే కౌంటర్లో నిలబడేది.

ఆ ఇన్సూరెన్సు సంగతి ముందే చెప్పాలి. ప్రమోదకి షుగరు. అది కళ్ళలోకి దిగింది. నెలనెలా కంట్లో ఇంజక్షన్ పడకపోతే చూపు నిలవదని డాక్టరమ్మ చెప్పేసింది. కంట్లో సూదా అని ఇప్పుడు మీరు ఎలా ఉలిక్కిపడ్డారో నేనూ అలాగే పడ్డాను. ప్రమోద మాత్రం మొదటిసారి చేయించుకుని బయటికొచ్చి, "సూది ఫర్వాలేదండీ. ఆవిడ కొట్టుకున్న సెంటే భరించలేకపోయాను" అంది.

సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం మా క్రూ పెద్ద డొరీన్ అందర్నీ ఐసు పక్కన బెంచీల మీద కూర్చోబెట్టింది. డొరీన్ అంటే అరవైకి దగ్గరపడ్డ తెల్లావిడ, సిగరెట్లు కాల్చి కాల్చి మగ గొంతు వచ్చేసింది. నా పేరులో గౌరీని పట్టుకుని నన్ను గేరీ అనేది.

"కప్పు కారుతోంది, ఐసు మెషీను ముసలిదైపోయింది. రిపేరు చేయించాలంటే ఇళ్ళ మీద పన్ను కాస్త పెంచాలంట. నవంబర్ ఓటింగ్‌లో జనాన్నే అడుగుతున్నారు. యెస్ అంటే రిపేరు. నో అంటే ఈ సీజన్ అవగానే తాళం."

"తాళం అంటే? కొన్నాళ్ళా?" అన్నాను.

"తాళం అంటే తాళమే గేరీ. నువ్వూ నేనూ బయట."

తర్వాత వీధులు పంచింది. తెలుగువాళ్ళు ఎక్కువున్న సబ్‌డివిజన్లు, అంటే ఇళ్ళ కాలనీలు, నాకిచ్చింది. "తలుపు తట్టు, నవ్వు, అడుగు. నో అంటే థాంక్యూ చెప్పి పక్కింటికి పో. ఎక్కడ నో ఉందో తెలిసినా మనకి లాభమే" అంది.

ఇంటికొచ్చి చెబితే విద్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి, "కానీ నాన్నా, నువ్వే వోట్ చెయ్యలేవు కదా. మనకి గ్రీన్ కార్డ్ ఓన్లీ. దట్స్ సో వియర్డ్" అంది.

"నేను వెయ్యలేను కాబట్టేగా వేసేవాళ్ళని అడిగేది."

"సిటిజన్ టెస్ట్ రాయి అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"నీ పేరేంటి అని అడిగినా ఆ ఆఫీసర్ ముందు నాకు నోరు పెగలదే తల్లీ" అన్నాను. ప్రమాణం చేసేవాళ్ళకి కుర్చీలు వేసి వేసి వచ్చేవాణ్ణి, అక్కడితో సరి.

ఇక ఆదివారాలు ప్రమోదా నేనూ బయల్దేరేవాళ్ళం. మొదట వెళ్ళింది రామమోహన్ వాళ్ళింటికి. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, వచ్చి రెండు మూడేళ్ళు అయ్యుంటుంది. తలుపు తీసింది వాళ్ళావిడ రేణు.

"అయ్యో అంకుల్, చలిలో బయటే నిలబడ్డారేంటి! రండి ఆంటీ. ఏమండోయ్, ఎవరొచ్చారో చూడండి."

రామమోహన్ షార్ట్స్‌లో, మెళ్ళో హెడ్‌సెట్‌తో వచ్చాడు. "కూర్చోండి అంకుల్, కాల్‌లో ఉన్నా, మ్యూట్‌లో పెట్టేశా. చెప్పండి."

నేను డొరీన్ నేర్పినట్టే మొదలుపెట్టాను. కప్పు, మెషీను, పన్ను, నవంబర్. "మన దీపావళి కూడా అక్కడే కదా బాబూ. అది మూస్తే మళ్ళీ ఏ స్కూలు కెఫెటేరియాలోనో..."

"మీరు ఇంతగా చెప్పాలా అంకుల్! డెఫినిట్‌గా. హండ్రెడ్ పర్సెంట్."

"మా సపోర్ట్ ఎప్పుడూ మీకే" అని రేణు ప్లేటు తెచ్చింది. "ముందు ఈ లడ్డూ తీసుకోండి ఆంటీ."

"నాకు షుగరమ్మా" అంది ప్రమోద.

"ఒక్కటే ఆంటీ. ఒక్కదానికి ఏం కాదు. నేనే చేశాను, మీరు తినకపోతే బాలేదనుకుంటా."

ప్రమోద నా వంక చూసింది. నేను ప్లేటు వంక చూశాను. తినేసింది. వచ్చేటప్పుడు రేణు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది.

కారెక్కాక, "తినేశావేంటి?" అన్నాను.

"మనం అడగ్గానే వాళ్ళు ఊ అన్నారు. నేను ఒక్క లడ్డూకి ఊహూ అంటే ఏం బాగుంటుందండీ?"

ఆ రెండు నెలలూ అలాగే గడిచాయి. ఒకరింట్లో మైసూర్‌పాకు, ఒకరింట్లో సున్నుండలు, ఒకరింట్లో అప్పుడే పొంగుతున్న పూర్ణాలు. కారు వెనక సీటు మీద జాకెట్టు ముక్కలు గుట్టపడ్డాయి. నల్లగొండ వాళ్ళింటికి వెళ్తే, "గట్లనే వేస్తమన్నా, నువ్వు బేఫికర్‌గ ఉండు" అన్నారు. గుంటూరు వాళ్ళింటికి వెళ్తే, "మీరు అడగటమూ మేం కాదనటమూనా" అన్నారు. మా మొహాన తలుపేసినవాళ్ళు లేరు. నో అన్నవాళ్ళు లేరు. జీవితంలో నన్నంత మర్యాదగా ఎవరూ చూడలేదు. రాన్రానూ నా నడకే మారిపోయిందని ప్రమోద నవ్వేది. "ఎమ్మెల్యేగారూ, నెమ్మదిగా" అనేది.

డొరీన్ వీధుల్లో సంగతి వేరు. ఒకాయన తిట్టాడు, ఒకావిడ కుక్కని వదిలింది. ఆవిడ ప్యాంటు చిరుగు చూపించుకుంటూ, "నీ సంగతేంటి గేరీ? ఎంతమంది యెస్?" అంది.

"అందరూ."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ. ఒక్క నో లేదు."

డొరీన్ నోట్లోంచి సిగరెట్ తీసి చేత్తో పట్టుకుంది. "ఆలోచిస్తాం అన్నవాళ్ళైనా లేరా? పన్నెంత అవుతుందని అడిగినవాళ్ళు?"

"లేరు. మావాళ్ళు మంచివాళ్ళు డొరీన్."

"నేనడిగింది మంచితనం గురించి కాదు హనీ" అని ఇంకేదో అనబోయి, మానేసి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. మావాళ్ళ సంగతి ఆవిడకేం తెలుసులే అనుకున్నాను.

ఆఖరున మా బావ పరంధామయ్య గారింటికి వెళ్ళాం. ఆయన మా అక్క నాగమల్లేశ్వరి భర్త. డెబ్బైల్లోనే ఇక్కడికొచ్చిన ఇంజనీరు. కార్ల విడిభాగాల కంపెనీలో జీవితమంతా చేసి రిటైరయ్యారు. నన్నూ నా కుటుంబాన్నీ ఈ దేశం తెచ్చింది ఆయన సంతకమే. ఎప్పుడో సిటిజన్ అయ్యారు, ఏ ఎలక్షనూ వదలరు, ఓటేసి వచ్చి ఆ స్టిక్కర్ సాయంత్రం దాకా చొక్కా మీద ఉంచుకుంటారు.

"బావా, మీకు తెలుసుగా. కరెంటు పోయిన ఏడు మనం రెండు రోజులు ఎక్కడ పడుకున్నాం? ఆ ఎరీనా వాళ్ళు జనరేటర్ పెట్టి..."

"ఏవిట్రా శంకరం, నా దగ్గర కూడా ప్రచారమా?" అని పెద్దగా నవ్వారు. "నన్ను అడగాలా నువ్వు?"

"బాగా చెప్పారు" అంది అక్క వంటింట్లోంచి. "సొంత బావమరిది ఉద్యోగం. మీ బావ కాదంటారా ఏంటి! ప్రమోదా, పాయసంలో చక్కెర తక్కువే వేశానే, రెండు చెంచాలు తాగు."

అదే నెలలో డాక్టరమ్మ ప్రమోద రిపోర్టు చూసి కళ్ళజోడు తీసేసింది. షుగర్ బాగా పెరిగింది, కంట్లో వాపు ఎక్కువైంది, ఇకమీదట ఇంజక్షన్ ఒక్క నెల తప్పినా తన పూచీ కాదంది. కారు దగ్గరికొచ్చాక ప్రమోద అంది: "ఏం తింటున్నావ్ అని ఒకటే అడుగుతుందండీ. ఏం చెప్పను? ఓట్లు తింటున్నానని చెప్పనా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకొక్క వారమే కదా అనుకున్నాం.

ఓటింగ్ మర్నాడు పొద్దున నేను పనికి వెళ్ళేసరికి డొరీన్ ఐసు దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఒకటీ అరా ఓట్లతో కాదు, చిత్తుగా ఓడిపోయాం.

"మా వీధులు?" అన్నాను.

"నీ వీధుల్లో ఓటేసినవాళ్ళే చాలా తక్కువ గేరీ. వేసినవాళ్ళు కూడా నో." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "నా వీధులూ అంతే. కాకపోతే నాకు ముందే తెలుసు. గ్లవ్స్ తొడుక్కో, సాయంత్రం గేముంది."

ఆ మర్నాడు సాయంత్రం ఇండియన్ గ్రోసరీలో కరివేపాకు దగ్గర రామమోహన్ కనిపించాడు. నన్ను చూడగానే బుట్ట కింద పెట్టి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అంకుల్, చాలా బ్యాడ్‌గా ఫీలయ్యాం. రేణు అయితే నిన్నంతా అదే మాట."

"నువ్వు వేశావు కదా బాబూ?"

"మాకు ఓటెక్కడిది అంకుల్? హెచ్ వన్ వీసా కదా. గ్రీన్ కార్డ్‌కి ఇంకా అప్లై కూడా చెయ్యలేదు మా కంపెనీ."

"మరి ఆ రోజు..."

"మీరు ఆంటీని తీసుకుని ఇంటికొచ్చి అడిగితే, లేదని ఎట్లా చెప్తాం అంకుల్? బాగోదు కదా. మనసులో మాత్రం మా ఓటు మీకే."

ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదండీ. నిజంగానే కళ్ళలో నీళ్ళున్నాయి. ఎంతమంది ఇళ్ళలో ఎంతమందికి ఓటు ఉంటుందో కనుక్కోవాలని నాకు తట్టలేదు. తట్టినా, ఎదురుగా కూర్చోబెట్టి కాఫీ ఇస్తున్న మనిషిని "ఇంతకీ మీకు ఓటుందా?" అని ఎలా అడుగుతాను?

ఓటింగ్ మంగళవారం. ఆ శుక్రవారమే దీపావళి. అక్కావాళ్ళింట్లో భోజనాలు. వాకిట్లో దీపాలు గాలికి ఆగడం లేదు, విద్య వెలిగించినవి వెలిగించినట్టే ఆరిపోతున్నాయి. లోపల బావా నేనూ బల్ల దగ్గర కూర్చున్నాం, అక్క వడ్డిస్తోంది, ప్రమోద అప్పడాలు తెస్తోంది.

"పోనీలేరా శంకరం, ఏది జరిగినా మంచికే అనుకోవాలి" అన్నారు బావ. "నువ్వు ఇంకా గట్టివాడివి, ఏదో పని దొరక్కపోదు. మాలాంటివాళ్ళ సంగతి చూడు. కంపెనీ దివాలా తీశాక పెన్షన్ సగానికి కోసేశారు. ఇల్లేమో కొన్న ధరకి కూడా పోదు. దాని మీద ఇంకా పన్నంటే నేను ఇది అమ్ముకుని రోడ్డు మీద పడాల్సిందే. అందుకే కదా నేను..."

ఆగిపోయారు.

అక్క చేతిలో గరిటె పప్పుగిన్నె మీద అలాగే ఉంది. "అందుకే కదా మీరు, ఏంటండీ?"

బావ విస్తట్లో అన్నాన్ని వేలితో అటూ ఇటూ జరిపారు. "పప్పు వెయ్యి" అన్నారు.

అక్క వెయ్యలేదు. అప్పుడు ప్రమోద అప్పడాల పళ్ళెం బల్ల మీద పెట్టి, అక్క చేతిలోంచి గిన్నె తీసుకుంది. "ఇటివ్వండి వదినా, నేను వేస్తాను. అన్నయ్యగారూ, నెయ్యి కూడా వెయ్యనా?"

"కొద్దిగా అమ్మా" అన్నారు బావ.

భోజనాలయ్యాక గరాజ్ దగ్గర ఆయనే నా వెనక వచ్చారు. "నా ఒక్క ఓటుతో పోయింది కాదురా అది."

"నాకు తెలుసు బావా."

"నువ్వొచ్చి అడిగావు. మీ అక్క అక్కడే ఉంది. కాదని ఎలా అనమంటావు?"

నాకు కోపం రావాలి కదండీ. రాలేదు. ఆయన లెక్క ఆయనది. ఆ రోజు కాదని ఉంటే నేనేం చేసేవాణ్ణో కూడా తెలియదు. బహుశా మా ఇల్లు ఎలా గడవాలో సెప్టెంబర్ నుంచే వెతుక్కునేవాణ్ణేమో. పాయసం తాగకుండా లేచి వచ్చేవాళ్ళమేమో. "లోపలికి పదండి, చలిగా ఉంది" అన్నాను.

ఆ చలికాలం అంతా ఎరీనా మామూలుగానే నడిచింది. అసలు అంతకుముందుకంటే ఎక్కువ జనం వచ్చారు. మూసేస్తున్నారట, ఒకసారి చూసిపోదామని పిల్లల్ని తెచ్చి, ఫోటోలు తీసుకుని, "వాట్ ఎ షేమ్" అనుకుంటూ ప్రమోద దగ్గర ప్రెట్జెల్స్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఏప్రిల్‌లో ఆఖరి హాకీ గేము. ఆ మర్నాడు మొదటిసారి మేం ఐసు మీద పలకలు పరవలేదు. మెషీను ఆపేసి, వేణ్ణీళ్ళు కొట్టాం. తెల్ల పెయింటు, ఎర్ర గీతలు అన్నీ కలిసి బురదలా అయితే పారలతో తోశాం. అడుగున ఉట్టి సిమెంటు. అన్నేళ్ళలో ఆ నేల నేనెప్పుడూ చూడలేదు. డొరీన్ దాని మధ్యలో నిలబడి, "ఇంతేనా ఇది!" అంది. ఆవిడ ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకు ఒక పెద్ద షాపులో అట్టపెట్టెలు సర్దే పని దొరికింది. వారానికి కాసిని గంటలు. ఇన్సూరెన్సు లేదు. ఉన్న డబ్బుతో ఒక ఇంజక్షన్ చేయించాం. రెండోది వాయిదా వేశాం. ఉచిత క్లినిక్‌లో పేరు రాయించాం, పిలుస్తామన్నారు. వాళ్ళు పిలిచే లోపల ఒకరోజు పొద్దున ప్రమోద స్టవ్ ముందు నిలబడి, "ఏమండీ, ఈ కుడివైపు కిటికీ తెర ఎవరు వేశారు?" అంది. అటు తెర లేదు. కిటికీ నిండా ఎండ ఉంది.

కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో పొగ పట్టినట్టు కాస్త మిగిలింది. అదీ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు.

ఆదివారాలు అక్కావాళ్ళింటికి వెళ్ళడం మాత్రం మానలేదు. మానితే బాగోదు. జూన్‌లో ఒక ఆదివారం బావ స్వయంగా కాఫీ కలిపారు. ఎన్నడూ వంటింట్లోకి వెళ్ళని మనిషి. కప్పు పట్టుకుని ప్రమోద కుర్చీకి కుడివైపు వచ్చి నిలబడ్డారు.

"ఎలా ఉందమ్మా ఇప్పుడు? కాస్త కనపడుతోందా?"

ప్రమోద, బావ మాట వినపడ్డ వైపు కాక, తనకి వెలుగున్న వైపు మొహం తిప్పి నవ్వింది. "బాగానే కనపడుతోంది అన్నయ్యగారూ."

"అంతే కావాలమ్మా" అన్నారు బావ. "అంతే కావాలి."

కప్పు ఆయన చేతిలో అలాగే ఉంది. అక్క మొహం పక్కకి తిప్పుకుంది. నేను లేచి ఆ కప్పు అందుకుని, ప్రమోద వేళ్ళు తెరిచి, అందులో పెట్టాను.

అంతేనండీ. ఇంతసేపు ఉన్నందుకు దండాలు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా చదవాల్సిన కథ అనిపిస్తే వాళ్ళకి పంపండి, పేరు తీసేసి పంపినా ఫర్వాలేదు. పంపే ఉద్దేశం లేకపోతే లేదని రాసేయండి, నేనేమీ అనుకోను. తప్పకుండా పంపుతాం అంకుల్ అని మాత్రం అనకండి.